సగం దగ్గర ఆగిన ముల్లు

"అక్కా, నాన కారు అమ్మేస్తన్నాను. ఓసారి వచ్చి సూసుకుని ఎల్లు" అని మా తమ్ముడు పైడిరాజు శ్రీకాకుళం నుంచి ఫోన్ చేసినప్పుడు నాకు ముందుగా కలిగింది దిగులు కాదు, విసుగు. ఆ కారు మీద నాకు మమకారమేమీ లేదు. మా అమ్మ దాని వెనక సీట్లోనే ప్రాణం విడిచింది. మా నాన్న ఒంట్లో ఓపికున్నన్నాళ్ళూ దాన్నే టాక్సీగా తిప్పాడు. ఆయన పోయాక తమ్ముడు దాన్ని రేకుల షెడ్డులోకి తోసి గోనెసంచులు కప్పేశాడు. ఇన్నాళ్ళకు విజయనగరంలో పెళ్ళిళ్ళకు పాతకార్లు అద్దెకిచ్చే ఆసామీ ఒకడు తీసుకుంటానన్నాడట. ఫొటోలు బాగా వస్తాయని పెళ్ళికొడుకులు ఈ మధ్య వాటిలో ఊరేగడానికి సరదా పడుతున్నారు. అయితే ఆ ఆసామీ, స్టీరింగు ముందున్న ముళ్ళన్నీ ఆడాలి, లేకపోతే వద్దు అన్నాడట. ఆ ముళ్ళలో పెట్రోలు ముల్లు కూడా ఉంది. అందుకే తమ్ముడు నన్ను రమ్మన్నాడు. దాని మూత ఒక్కడే దగ్గరుండి తీయించడానికి వాడికి ధైర్యం చాల్లేదు.

ఆ ముల్లు గొడవేమిటో ఇక్కడే చెప్పేస్తాను. మా అమ్మను విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలో పెట్రోలు అయిపోయి కారు ఆగిపోయింది. ముల్లు సగం చూపించిందని మా నాన్న అన్నాడు. అదంతా అబద్ధం, పెట్రోలు పోయించడానికి చేతులు రాక పెళ్ళాన్ని పొట్టన పెట్టుకున్నాడని అమ్మ తరఫువాళ్ళు అన్నారు. వాళ్ళందరిలో ముందు నిలబడి అన్నవాడు మా మేనమామ సత్యం. ఎవరి మాట నిజమో తేలకుండానే తమ్ముడూ నేనూ పెరిగి పెద్దయ్యాం, ముసలాళ్ళమూ అయ్యాం.

అప్పట్లో శ్రీకాకుళంలో మా ఇల్లు నాగావళికి దగ్గరలో ఉన్న చిన్న పెంకుటిల్లు. తెల్లవారగానే నాన్న తన మొహం కడుక్కోకముందే కారు మొహం కడిగేవాడు. పాత పంచె ముక్కతో అద్దాలు తుడిచి, బోనెట్టు మీద రెండు మందారాలు పెట్టి, ఆ తర్వాతే పళ్ళపొడి చేతిలో వేసుకునేవాడు. అమ్మ ఈలోగా చోడంబలి కాచి ఉల్లిపాయా పచ్చిమిరపకాయా పక్కన పెట్టేది. ఇల్లంతా అంబలి పులుపూ పెట్రోలు వాసనా కలిసి ఉండేది. కొత్తగా వచ్చినవాళ్ళు ముక్కు మూసుకునేవారు. అమ్మ మాత్రం "ఆ కంపు లేకపోతే నాకు నిద్దర పట్టదు" అని నవ్వేది. నాన్నకు ఒక అలవాటుండేది. ట్యాంకు ఎప్పుడూ సగానికి దిగనిచ్చేవాడు కాదు. సాయంత్రం ఇంటికొచ్చే ముందు ముల్లు చూసుకుని, సగం దగ్గరకు వస్తున్నట్టు కనిపిస్తే బంకుకి వెళ్ళి పోయించుకునే వచ్చేవాడు. అడుగున ఉండే మురికి ఇంజనులోకి లాగేస్తుందని ఆయన భయం. తోటి డ్రైవర్లు "ఏటి బావా, కారుకి కూడా ఇందు బోజనమేటి" అని ఆటపట్టించేవాళ్ళు.

సత్యం మావయ్య అమ్మకు తమ్ముడు. పొందూరులో అమ్మమ్మ దగ్గర పెరిగి, మీసాలొచ్చే వయసులో శ్రీకాకుళంలో మోటార్లకు తీగ చుట్టే కొట్లో పని నేర్చుకోవడానికి వచ్చాడు. మా ఇంట్లోనే తినేవాడు, మా అరుగు మీదే పడుకునేవాడు. వైండింగు తీగకు పూసే వార్నీషు ఎండి అతని గోళ్ళు ఎప్పుడూ పసుపురంగులో ఉండేవి. ఇంట్లో ఏది చెడినా మావయ్య చేతిలో పడాల్సిందే. ఇస్త్రీపెట్టెకు కొబ్బరి చిప్పతో పిడి వేశాడు. రేడియోకి కత్తిపీట చెక్క తగిలించి నిలబెట్టాడు. ఉన్నదానితో లేనిదాన్ని బాగుచెయ్యడం అతనికొక ఆట. నాన్నకు దాన్ని చూస్తే మురిపెం. ఊళ్ళో ఎవరు కనపడినా "మా బావమర్ది సేతిలో పనున్నాదిరా" అని చెప్పేవాడు.

ఒకసారి కారు పెట్రోలు ముల్లు కింద పడిపోయి లేవడం మానేసింది. ట్యాంకు మీద గుండ్రటి మూత ఒకటుంటుంది. దాని కిందవైపు ఒక తీగచెయ్యి, ఆ చెయ్యి చివర ఇత్తడి బుడ్డి ఉంటాయి. బుడ్డి పెట్రోలు మీద తేలుతుంది, పెట్రోలు తగ్గితే దానితోపాటు దిగుతుంది, దాన్నిబట్టే ముందున్న ముల్లు కదులుతుంది. మా కారులో ఆ బుడ్డికి చిల్లు పడి, పెట్రోలు నిండి మునిగిపోయింది. కొత్తది విశాఖపట్నం నుంచి తెప్పించాలన్నారు. "దానికోసం విశాపట్నమేటి బావా" అని మావయ్య, కళింగపట్నం నుంచి వచ్చే జాలరి ఒకతన్ని అడిగి వలకు కట్టే చెక్క బెండు ఒకటి సంపాదించాడు. చిల్లు బుడ్డి తీసేసి, ఆ బెండును తీగచేతికి అమ్మమ్మ వడికిన నూలుతో గట్టిగా చుట్టి, మొత్తం వార్నీషులో ముంచి ఆరబెట్టాడు. బిగించే ముందు మూత బయట పట్టుకుని చేతిని పైకీ కిందకీ ఆడిస్తుంటే ముల్లు నిండు నుంచి ఖాళీ దాకా చక్కగా తిరిగింది. "అప్పా, సూసినావా" అని అమ్మను పిలిచి చూపించాడు. అమ్మ కారులో కూర్చుని ముల్లును చూసి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. ఆమె సంతోషంగా ఉండగా చూసిన జ్ఞాపకాల్లో నాకు స్పష్టంగా మిగిలింది అదే.

ఆ తర్వాత కొన్నాళ్ళకు అమ్మకు మూడో కాన్పు దగ్గరపడుతోందని అమ్మమ్మ పొందూరు నుంచి వచ్చింది. అప్పుడే నాన్నకు జ్వరం తగిలి మంచమెక్కాడు. వేరే డ్రైవరొకడు కారు తీసుకెళ్ళి పెళ్ళివారిని ఊళ్ళు తిప్పి తెచ్చి, తాళం చేతికిచ్చి పోయాడు. ఆ మర్నాడు మధ్యాహ్నం అన్నాలు తింటుండగా అమ్మ వంటింట్లో కూలబడింది. చీరంతా రక్తం. ఇక్కడి డాక్టరమ్మ చూసి, నా చేతుల్లో లేదు, వెంటనే విశాఖపట్నం తీసుకెళ్ళమంది. నాన్న జ్వరంతోనే స్టీరింగు పట్టుకున్నాడు. అమ్మ తల ఒళ్ళో పెట్టుకుని అమ్మమ్మ వెనక కూర్చుంది. మమ్మల్నిద్దరినీ పట్టుకుని మావయ్య ఇంటి దగ్గర ఉండిపోయాడు.

దారిలో జరిగింది అమ్మమ్మ నోట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఊరి చివర బంకు కనపడినప్పుడు అమ్మమ్మ "పెట్రోలు కొట్టించవేటి నాయనా" అందట. నాన్న ముల్లు వంక చూసి "సగమున్నాది అత్తా, సాలుద్ది" అని ఆపకుండా పోనిచ్చాడట. రణస్థలం దాటాక, రెండు పక్కలా జీడితోటలు తప్ప మనిషి కనిపించని చోట కారు రెండుసార్లు తుమ్మి ఆగిపోయింది. నాన్న కిందకు దిగి, ట్యాంకులో చెట్టు రెమ్మ పెట్టి చూస్తే పొడిగా వచ్చింది. వెనక్కి వెళ్ళే లారీ ఎక్కి పెట్రోలు డబ్బాతో తిరిగొచ్చేసరికి అమ్మమ్మ పమిటతో విసరడం మానేసి కూర్చుని ఉంది. నాన్న డబ్బా మూత తీసి ట్యాంకులో పోస్తుంటే అమ్మమ్మ "ఇంకెవరికోసం పోస్తన్నావు" అంది.

పదోరోజున బంధువులంతా ఉండగా ఎవరో పెద్దాయన, అసలేం జరిగిందయ్యా అని నాన్నను అడిగాడు. "ముల్లు సగం సూపించింది" అన్నాడు నాన్న. మావయ్య లేచి వచ్చి బావ చొక్కా పట్టుకున్నాడు. "ముల్లు మీదకి నెట్టేస్తావేటి? దాన్ని నా సేత్తో కట్టినాను. అందరి ముందూ ఆడించి సూపించినాను. ముల్లు అబద్దమాడదు, నువ్వాడతన్నావు" అన్నాడు. నాన్న విడిపించుకోలేదు. రెండు రోజుల తర్వాత అమ్మమ్మ నన్ను పొందూరు తీసుకుపోవడానికి బట్టలు సర్దుతూ మళ్ళీ అదే అడిగితే, నాన్న ఈసారి ముల్లు మాట ఎత్తలేదు. "నాదే తప్పు అత్తా, నాను సూసుకోలేదు" అన్నాడు. రెండు రోజుల్లో మాట మార్చినవాడిని ఎవరు నమ్ముతారు? ఒప్పేసుకున్నాడు కదా అన్నారు అందరూ. తమ్ముడు నాన్న దగ్గర ఉండిపోయాడు, నేను పొందూరు వెళ్ళిపోయాను.

పొందూరులో నా రోజులు పత్తితో మొదలై పత్తితో ముగిసేవి. అమ్మమ్మ తెల్లవారే కూర్చుని వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వేది. ఆ సన్నటి పళ్ళ మధ్య నుంచి గింజలూ నలుసులూ పోయి, దూది మంచులా తేలికగా అయ్యేది. ఎముక పాతదైనా వాన పడ్డరోజు సన్నగా చేపవాసన కొట్టేది. దువ్వుతూ, ఏకులు చేస్తూ, రాట్నం తిప్పుతూ అమ్మమ్మ నాన్నను తిట్టేది. గట్టిగా కాదు, పని చేసుకుంటూ, ఊపిరి తీసుకున్నంత మామూలుగా. ఎదురు చెప్పడానికి నా దగ్గరేముంది? అవునని ఒప్పుకోవడానికి మాత్రం మనసు వచ్చేది కాదు. నాన్న నన్ను చూడటానికి అప్పుడప్పుడు వచ్చేవాడు. అమ్మమ్మ ఆ కారును వాకిట్లోకి రానివ్వదు కాబట్టి వీధి మొదట్లో ఆపి, హారను కొట్టకుండా, ఎవరైనా చూసి నాకు చెప్పేదాకా నిలబడేవాడు. మరమరాల ఉండలు చేతిలో పెట్టి, బాగా చదువుతున్నావా అని అడిగి, బయల్దేరే ముందు పెట్రోలు పోసే మూత తీసి గాట్లు పెట్టిన వెదురుపుల్ల దింపి చూసుకునేవాడు. ముల్లు ఎందుకు చూడవు నాన్నా అని ఒకసారి అడిగాను. "అది సచ్చిపోయిందమ్మా" అన్నాడు.

న్యాయంగా చెప్పాలంటే, నన్ను చదివించింది సత్యం మావయ్యే. అతను విజయనగరంలో సొంతంగా వైండింగు కొట్టు పెట్టుకున్నాక నన్ను అక్కడ కాలేజీలో చేర్పించాడు. పుస్తకాలు కొన్నాడు, జ్వరమొస్తే తలాపున కూర్చున్నాడు, ఉద్యోగం వచ్చినప్పుడు నాకంటే ఎక్కువ ఏడ్చాడు. తండ్రి చెయ్యాల్సినవన్నీ అతనే చేశాడు. చేస్తూ చేస్తూ, మాటల మధ్యలో ఎక్కడో ఒకచోట, మీ నాన ఆ రోజు బంకు దగ్గర ఆగుంటేనా అనేవాడు. అన్నం పెట్టిన చేతిని నేను ఏమనగలను? నాన్న పోయినప్పుడు కూడా మావయ్య రాలేదు.

ఇక మొన్నటి సంగతి. తమ్ముడు పిలిపించిన మెకానిక్కు గోపి నడివయసువాడు. ఫోన్లో పాటలు పెట్టుకుని, అన్నిటికీ "అయిపోద్దండి" అంటూ పనిచేస్తాడు. డిక్కీలో పరిచిన పాత గోనె తీసి, ట్యాంకు మీది గుండ్రటి మూత చూసి "ఏటండీ, తీగ పీకేసి ఉన్నాది" అన్నాడు. మూత నుంచి ముల్లుకు వెళ్ళే తీగను ఎవరో నీటుగా తెంచి, కొసకు టేపు చుట్టి పక్కకు మడిచారు. మూత అంచు చుట్టూ బట్టల సబ్బు మెత్తి ఉంది, ఎండి రాయిలా. పెట్రోలు కారకుండా నాన్న అలా సబ్బు మెత్తడం మా ఇద్దరికీ తెలుసు. అంటే మావయ్య బిగించాక నాన్న మళ్ళీ ఆ మూత తెరిచాడు. తమ్ముడూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

గోపి సబ్బు గీకి, మూత పైకి తీశాడు. తీగచేతి చివర బెండు అలాగే ఉంది. దాని చుట్టూ వార్నీషు పట్టి ముదురు తేనెరంగుకి తిరిగిన నూలు, వైండింగు కొట్లో చుట్టలు కట్టినట్టు వరసగా, ఒక పోగు మీద ఇంకో పోగు ఎక్కకుండా ఉంది. ఆ సన్నం నూలు ఎవరి రాట్నానిదో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. గోపి తెగిన తీగ తాత్కాలికంగా కలిపి చేతిని ఆడించాడు. ముల్లు నిండుకు వెళ్ళి ఖాళీకి దిగింది. మళ్ళీ ఆడించాడు, మళ్ళీ అంతే. "బాగానే ఆడతన్నాది కదండీ, మరెందుకు పీకేసినారో" అన్నాడు. తమ్ముడి మొహం పాలిపోయింది. వాడు నాన్న దగ్గర పెరిగినవాడు. ముల్లు బాగుంటే నాన్న అబద్ధాలకోరు అయినట్టే.

మూత తిరిగి బిగించి, డబ్బాలతో పెట్రోలు తెచ్చి నింపారు. ముల్లు నిండుకు వచ్చింది. తర్వాత అడుగు నుంచి గొట్టం పెట్టి మెల్లగా తీస్తూ పోయారు. ముల్లు కూడా మెల్లగా దిగుతూ వచ్చి, సగం దగ్గర ఆగింది. గోపి ఇంకా తీశాడు. ముల్లు సగంలోనే ఉంది. చివరి చుక్క డబ్బాలో పడ్డాక కూడా అది సగంలోనే ఉంది. మూత మరలు వదులు చేసి, సందులోంచి లైటు వేసి చూసి, గోపి మమ్మల్ని కూడా రమ్మన్నాడు. ట్యాంకు లోపల పెట్రోలు అటూ ఇటూ కొట్టుకోకుండా అడ్డంగా ఒక రేకు ఉంటుంది. ఇత్తడి బుడ్డి చిన్నది కాబట్టి దాన్ని తప్పించుకుని కిందకు పోయేది. బెండు లావుగా ఉంది. సగానికి దిగగానే రేకు అంచు మీద కూర్చుండిపోయింది. "బయట ఆడించి సూసుకున్నారు గానీ, లోపలెట్టి కాళీ సేసి సూడలేదండి, అదీ సంగతి" అన్నాడు గోపి, చేతులు తుడుచుకుంటూ. ట్యాంకు సగానికి దిగనివ్వని నాన్న చేతిలో ఆ ముల్లు ఎన్నాళ్ళయినా సరిగ్గానే కనపడుతుంది. వేరేవాడు తిప్పి ఖాళీ చేసి తెచ్చిన ఆ ఒక్కసారి తప్ప.

తమ్ముడు షెడ్డు గోడకు ఆనుకుని చాలాసేపు ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. పదోరోజుకీ బట్టలు సర్దిన రోజుకీ మధ్యలో ఎప్పుడో నాన్న ఒంటరిగా ఈ మూత తీసి, మేం చూసిందే చూశాడు. చూసి, తీగ తెంచి, సబ్బు మెత్తి, లోపలికొచ్చి నాదే తప్పని చెప్పాడు. కూతుర్ని పోగొట్టుకున్న అమ్మమ్మకు, నీ కొడుకు పనితనమే దానికి కారణమని చెప్పలేకపోయాడు. అప్పని అంతలా ప్రేమించిన ఆ కుర్రవాడు ఈ సంగతి తెలిస్తే నాగావళిలో దూకేవాడేమో. ఇదంతా నాకు అర్థమవుతుంది. కానీ దానికి మేం ఇచ్చుకున్నది కూడా తక్కువేం కాదు. నాకు తండ్రి లేకుండా పోయాడు. తమ్ముడికి అక్క లేకుండా పోయింది. ఆయన వీధి మొదట్లో నిలబడే ముసలివాడయ్యాడు. ఇప్పుడా రోడ్డు మీద అడుగడుక్కీ బంకులు, ఫోన్ చేస్తే అంబులెన్సు వస్తుంది, మా మేనల్లుడి కారైతే పెట్రోలు తగ్గగానే కూతపెట్టి మరీ చెబుతుంది. అమ్మ ఇప్పుడైతే బతికేదా అని ఎవరినైనా అడగాలనిపిస్తుంది. అప్పుడు పెట్రోలున్నా బతికేదో లేదో కూడా నాకు తెలియదు.

"మావయ్య ఇంకా బతికే ఉన్నాడు. ఎల్లి మొహం మీదే సెప్పు అక్కా" అన్నాడు తమ్ముడు. "నాన పేరు బాగుసెయ్యాల. సచ్చేలోగా ఆయనకి తెలియాల." గోపి బుడ్డీ చెయ్యీ ఉన్న కొత్త యూనిట్ బిగించేశాక, తీసేసిన బెండును తమ్ముడే గుడ్డలో చుట్టి నా సంచిలో పెట్టాడు. చెప్పాలనే నేనూ అనుకున్నాను. విజయనగరం బస్సులో కూర్చుని మాటలు కూడా కూర్చుకున్నాను. ఇందులో తిట్టేమీ ఉండకూడదు, జరిగింది జరిగినట్టు చెప్పాలి, అంతే.

మావయ్యకు పక్షవాతం వచ్చి ఒకవైపు పడిపోయింది. కొట్టు వెనక గదిలో మంచం మీద ఉన్నాడు. కోడలు కాఫీ ఇచ్చి బయటకు వెళ్ళింది. గోళ్ళకు ఇప్పుడు వార్నీషు లేదు, తెల్లగా పాలిపోయి ఉన్నాయి. నన్ను చూడగానే మంచిగా ఉన్న చేత్తో నా చెయ్యి పట్టుకుని, ఏవేవో ఊళ్ళో విషయాలు అడిగాడు. కారు అమ్మేశామని చెప్పాను.

"ముల్లు బాగుసేయించినారేటి?" అన్నాడు.

"సేయించాం మావయ్యా."

"మూత తీసినారా?"

"తీశాం."

నా చెయ్యి మీద అతని పట్టు బిగిసింది. ఇంత ముసలితనంలోనూ అతని మొహంలో ఆ అరుగు మీది కుర్రవాడు కనపడ్డాడు. ఏదో వినబోతున్నానని తెలిసి, వినక తప్పదని కూడా తెలిసి, ఊపిరి బిగబట్టిన కుర్రవాడు.

"లోపలేటున్నాది?"

కూర్చుకున్న మాటలన్నీ నోటి దాకా వచ్చాయి. శ్రీకాకుళంలో నా ఫోన్ కోసం ఎదురుచూస్తున్న తమ్ముడు గుర్తొచ్చాడు.

"ఏటీ లేదు మావయ్యా. నువ్వు కట్టింది బాగానే ఉన్నాది. ముల్లు బాగానే ఆడతన్నాది" అన్నాను. నా నోటితో నేనే మా నాన్నను మళ్ళీ అబద్ధాలకోరును చేశాను.

మావయ్య నా వంకే చూశాడు. కళ్ళ నుంచి నీళ్ళు చెవుల్లోకి జారుతుంటే తుడుచుకోలేదు.

"పన్నెండో రోజున మూతకి సబ్బు మెత్తతంటే మీ నానని ఇదే అడిగినాను. ఆయనా ఇదే మాట సెప్పినాడు" అన్నాడు. "అప్పుడూ నమ్మలేదమ్మా నాను."